రెండు సంస్కృతుల మధ్య పనిచేసే ఆర్టిస్టులు నిజంగా వంతెన కడుతున్నారా?

గోడబొమ్మ:
ఈ మధ్య ఏ ఎగ్జిబిషన్ నోట్ చదివినా "రెండు సంస్కృతుల మధ్య వంతెన" అని రాసుంటోంది, నాకైతే ఆ మాట మీద నమ్మకం పోయింది. వంతెన అన్నాక అటూ ఇటూ రెండు వైపులా నడవాలి కదండీ. ఇక్కడ జరుగుతున్నది ఏంటంటే ఆఫ్రికా నుంచో ఆసియా నుంచో ఒక డిజైన్ ఎత్తుకెళ్ళి లండన్, న్యూయార్క్ గ్యాలరీల్లో అమ్ముకోవడం, ఆ డిజైన్ పుట్టించిన వాళ్ళకి పేరూ ఉండదు డబ్బూ ఉండదు. కాదంటే ఉదాహరణలు చెప్పండి.

నీలిరంగు:
కాదనే అంటాను. యింకా షోనిబరే అనే బ్రిటిష్-నైజీరియన్ ఆర్టిస్టుని చూడండి. 1962లో లండన్‌లో పుట్టాడు, నైజీరియాలోని లాగోస్‌లో పెరిగాడు, మళ్ళీ లండన్ వచ్చి ఆర్ట్ స్కూల్లో చేరాడు. అక్కడ పెరిస్త్రోయికా, అంటే 1980ల్లో సోవియట్ యూనియన్‌లో వచ్చిన సంస్కరణల మీద పని చేస్తుంటే ఒక టీచర్, నువ్వు అసలు సిసలు ఆఫ్రికా ఆర్ట్ ఎందుకు చెయ్యవు అని అడిగాడట. అప్పుడు ఆయన లండన్‌లోనే ఉన్న బ్రిక్స్‌టన్ మార్కెట్‌కెళ్ళి అందరూ ఆఫ్రికా బట్ట అనుకునే రంగురంగుల ప్రింటు కొన్నాడు. తీరా చూస్తే అది ఇండోనేషియా వాళ్ళు మైనంతో అద్దకం వేసే బాటిక్ బట్టని 19వ శతాబ్దంలో డచ్ వాళ్ళు మిషన్ మీద కాపీ కొట్టిన సరుకు, పశ్చిమ ఆఫ్రికా జనం దాన్ని కొని కట్టి తమదే చేసేసుకున్నారు. దాంతో విక్టోరియన్ గౌన్లు కుట్టించి తలల్లేని బొమ్మలకి తొడిగాడు, 2010లో లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో సీసాలో పెట్టిన, బ్రిటిష్ నౌకాదళ నాయకుడు నెల్సన్ ఓడ నమూనా తెరచాపల మీదా ఆ ప్రింట్లే. ఇప్పుడు చెప్పండి, ఆ డిజైన్ ఎవరిది?

గోడబొమ్మ:
షోనిబరేకి లండన్ గోల్డ్‌స్మిత్స్ కాలేజీ డిగ్రీ ఉంది, ఇంగ్లీషుంది, తన తరఫున తనే మాట్లాడుకోగలడు. నేనడిగేది అవి లేనివాళ్ళ గురించండీ. జన్‌గఢ్ సింగ్ శ్యామ్, గోండు ఆర్టిస్టు, మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ ఊళ్ళో గోడల మీద బొమ్మలేస్తుంటే చిత్రకారుడు జె. స్వామినాథన్ గారి బృందం చూసి భోపాల్ తీసుకొచ్చింది, 1989లో పారిస్‌లో పెద్ద ఎగ్జిబిషన్‌కి కూడా వెళ్ళాడు. 2001లో జపాన్‌లో ఒక మ్యూజియంలో ఉండి పనిచేస్తూ అక్కడే చనిపోయాడు, ఇంటికి రాలేదు. ఆ వంతెన ఆయనకేం చేసింది? ఇది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది నాకు.

పటచిత్రం:
ఆ బాధ నాకూ ఉంది. కానీ అక్కడితో ఆపేస్తే ఆయన దగ్గర పని నేర్చుకున్న భజ్జూ శ్యామ్‌కి అన్యాయం చేసినట్టే. భజ్జూ లండన్‌లో ఒక ఇండియన్ రెస్టారెంట్ గోడలకి బొమ్మలెయ్యడానికి వెళ్ళాడు, వచ్చాక చూసిందంతా బొమ్మలుగా గీస్తే చెన్నై తారా బుక్స్ వాళ్ళు 2004లో పుస్తకం వేశారు. అందులో లండన్ గడియార స్తంభం బిగ్ బెన్ ఒక పెద్ద కోడిపుంజులో కలిసిపోయి ఉంటుంది, ఎందుకంటే పొద్దెంతైందో చెప్పేది ఊళ్ళో కోడే. భూమి కింద నడిచే రైలు వానపాము. రాత్రిళ్ళు బయటికొచ్చే ఇంగ్లీషు వాళ్ళు గబ్బిలాలు. వాళ్ళు మనల్ని వింతగా చూడటం కాదు, ఒక గోండు మనిషి లండన్‌ని తన అడవి లెక్కలో పెట్టి చూశాడు. మీరడిగిన రెండో వైపు నడక ఇదేనండీ. కవర్ మీద ఆయన పేరే ఉంది, 2018లో పద్మశ్రీ వచ్చింది.

బొగ్గుపెన్సిల్:
నాకు పేరు కంటే కూడా ముందుగా అడిగారా లేదా అన్నదే ముఖ్యం. అమెరికాలో శామ్ డ్యూరాంట్ అనే తెల్ల ఆర్టిస్టు ఉరికంబాల నమూనాతో ఒక పెద్ద కట్టడం చేశాడు, 1862లో మిన్నెసోటా రాష్ట్రంలోని మన్కాటోలో డకోటా అనే అక్కడి ఆదివాసీ తెగకి చెందిన 38 మందిని ఒకేసారి ఉరితీసిన సంగతి కూడా అందులో ఉంది. 2017లో దాన్ని అదే రాష్ట్రంలోని మినియాపొలిస్‌లో డకోటా వాళ్ళ నేల మీదే నిలబెట్టారు, వాళ్ళని ఒక్క మాట అడగలేదు. వాళ్ళు రోడ్డెక్కాక విప్పేశారు, డ్యూరాంట్ దాని హక్కులు కూడా డకోటా వాళ్ళకే రాసిచ్చేశాడు. అతని ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ పిల్లలు ఎక్కి ఆడుకునేలా ఉరికంబం పెడితే ఆ ఇంటివాళ్ళకి ఎలా ఉంటుంది?

నీలిరంగు:
అలాగని ప్రతి రంగుకీ ప్రతి గీతకీ పర్మిషన్ తీసుకోమంటే షోనిబరే ఆ బట్ట ఎవర్ని అడిగి కొనాలి, జావా వాళ్ళనా, డచ్ వాళ్ళనా, లాగోస్ వాళ్ళనా?

బొగ్గుపెన్సిల్:
బట్టకి అక్కర్లేదు నీలిరంగు గారూ, అది బజార్లో మూడు చేతులు మారిన సరుకు. చావుల సంగతి వేరు. ఆ ఉరికి బలైన వాళ్ళ వారసులు ఇంకా బతికే ఉన్నారు, వాళ్ళని అడిగి తీరాలి, వద్దంటే మానెయ్యాలి.

గోడబొమ్మ:
దీనికి నేనూ ఓకే. జన్‌గఢ్ విషయంలో మాత్రం తగ్గను. పరాయి దేశం తీసుకెళ్ళే ముందు కాంట్రాక్టు ఆ మనిషి భాషలో ఉండాలి, తిరుగు టికెట్ ఆ మనిషి చేతిలోనే ఉండాలి.