బోదకాలు ఉన్నవారికి పదేపదే వచ్చే చలిజ్వరానికి స్ట్రెప్టోకాకస్ కారణమా?

ప్రశ్న – ఇందుకూరుపేట నుంచి

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మగారికి 62 ఏళ్లు. ఎడమ కాలికి ఇరవై ఏళ్లకు పైగా బోదకాలు ఉంది. ఏడాదికి మూడు నాలుగు సార్లు ఉన్నట్టుండి ఒళ్లు వణికించే చలితో జ్వరం వస్తుంది. గంటల వ్యవధిలోనే గజ్జల్లో బిళ్ల కట్టి, పిక్క నుంచి మోకాలి దాకా కాలు ఎర్రబడి, చెయ్యి వేస్తే సెగలా కాలుతుంది. మా ఊళ్లో దీన్ని అమావాస్యకూ పున్నమికీ వచ్చే బోదజ్వరం అంటారు. అమ్మ కూడా క్యాలెండర్ చూసుకుని భయపడుతూ ఉంటుంది. ఇన్నేళ్లూ జ్వరం వచ్చినప్పుడల్లా బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగుకు వాడే మాత్రలే వేయించాము. ఈసారి నెల్లూరులో చూపిస్తే, ఇది పురుగు తెచ్చిన జ్వరం కాదని, స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా కాల్లోకి చేరిందని చెప్పి అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ రాశారు. ఇలాగే మళ్లీ మళ్లీ వస్తుంటే మూడు నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ చేయించుకోవాల్సి రావచ్చన్నారు. గొంతునొప్పి తెచ్చే సూక్ష్మజీవికీ బోదకాలికీ సంబంధం ఏమిటో, రక్తపరీక్షలో ఏఎస్ఓ (స్ట్రెప్టోకాకస్ సోకితే పెరిగే యాంటీబాడీల లెక్క) మామూలుగానే ఉండగా దీన్ని స్ట్రెప్టోకాకస్ అని ఎలా అన్నారో తెలిసినవారు వివరించగలరు.

సమాధానం 1 – విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్, ఒంగోలు

నేను ఫైలేరియా పరీక్షల కోసం రాత్రిపూట రక్తపు చుక్కలు తీసిన మనిషిని. ఆ పురుగు పిల్లలు రాత్రి బాగా పొద్దుపోయాక గానీ పైరక్తంలోకి రావు గనుక, నిద్రపోతున్నవారిని లేపి, టార్చిలైటు వెలుతురులో వేలు గుచ్చి స్లైడు మీద పూసుకునేవాళ్లం. కాలు బాగా లావెక్కినవారి స్లైడులో పురుగు పిల్లలు కనిపించడం అరుదు. ఏ వాపూ లేని పడుచువాళ్ల రక్తంలోనే అవి ఎక్కువగా కనిపించేవి. పెద్ద పురుగు కొన్నేళ్లకు చచ్చిపోతుంది గానీ, అది పాడుచేసిన లింఫు నాళాలు మాత్రం మునుపటిలా బాగుపడవు. ఆ నాళాలే చర్మంలో చేరిన సూక్ష్మజీవులను ఏరి గజ్జల్లోని బిళ్లలకు చేరవేయాలి. ఆ దారి మూసుకుపోయిన కాలిలో నీరు నిలవ ఉంటుంది, నిలవ నీటిలో స్ట్రెప్టోకాకస్‌కు అడ్డు చెప్పేవాడుండడు. అందుకే ఇతరుల కాలికి ఏమీ చేయని చిన్న చీలిక మీ అమ్మగారికి మూడు రోజుల జ్వరమవుతుంది.

మైక్రోస్కోపులో చూస్తే ఈ బ్యాక్టీరియా ఊదారంగు పూసలను దారానికి గుచ్చినట్టుగా వరుసగా ఉంటుంది. 1874లో బిల్రోత్ అనే సర్జన్ పెట్టిన పేరుకు కూడా గ్రీకులో మెలిదిరిగిన గొలుసు, గింజ అన్న అర్థాలే ఉన్నాయి. స్టాఫిలోకాకస్ అనే మరో బ్యాక్టీరియా చాలావరకు ఒకచోట గడ్డకట్టించి చీము పట్టిస్తుంది. గ్రూప్ ఎ అనే రకం స్ట్రెప్టోకాకస్ అలా ఒకచోట కూర్చోదు. కణాల మధ్య ఉండే జిగురును ఒక ఎంజైముతోనూ, రక్తపు గడ్డలను స్ట్రెప్టోకైనేజ్ అనే మరో పదార్థంతోనూ కరిగించుకుంటూ పాకిపోతుంది. పొద్దున చీలమండ దగ్గరున్న ఎరుపు సాయంత్రానికి మోకాలికి ఎక్కడం ఇందువల్లనే. (గుండెపోటు వచ్చినవారికి ఎన్నో ఏళ్లుగా ఇచ్చిన స్ట్రెప్టోకైనేజ్ ఇంజెక్షను ఈ జాతి బ్యాక్టీరియా నుంచి తీసినదే.)

ఏఎస్ఓ సంగతి. అది గొంతులో వచ్చిన ఇన్ఫెక్షన్‌కు బాగా పెరుగుతుంది, చర్మంలో వచ్చినదానికి అంతగా పెరగదు, ఎందుకంటే ఆ యాంటీబాడీలు పుట్టడానికి కారణమైన స్ట్రెప్టోలైసిన్ అనే బ్యాక్టీరియా విషాన్ని చర్మంలోని కొవ్వు పదార్థాలు అక్కడే కట్టిపడేస్తాయి. రక్తం కల్చర్ పెట్టినా (బ్యాక్టీరియా పెరుగుతుందేమోనని చూసినా) ఇలాంటి జ్వరాల్లో నూటికి నాలుగైదింటిలో కూడా అది పెరగదు. కాబట్టి డాక్టరుగారు కాగితం చూసి కాక కాలు చూసి చెప్పారన్నమాట, నా ఉద్దేశంలో అదే సరైన పని.

సమాధానం 2 – కందుకూరు నుంచి

మా అత్తగారిది కూడా ఇదే బాధ. ఒకసారి ఒక మందుల షాపులో మూడు రోజుల మాత్రలిచ్చి పంపితే, వారం తిరగకుండానే జ్వరం మళ్లీ తిరగబెట్టింది. ఆ తర్వాత రెండేళ్లపాటు జ్వరం వచ్చిన తేదీలన్నీ నోటు పుస్తకంలో రాశాను. అమావాస్యతో కలిసినవి రెండే. మిగిలినవన్నీ నాట్లలో దిగిన వారం పది రోజుల లోపు వచ్చినవే. ఆమె కాలి వేళ్లను విడదీసి చూస్తే, నాలుగో వేలికీ చిటికెన వేలికీ మధ్య చర్మం తెల్లగా నాని, లోపల బ్లేడు గీతలా చీలి ఉంది. పైకి ఏమీ కనిపించదు, ఆమెకు నొప్పి కూడా లేదు.

అప్పటి నుంచి రోజూ రాత్రి మామూలు సబ్బుతో, చల్లని మంచినీళ్లతో కాలు కడిగి, ముడతల్లోనూ వేళ్ల సందుల్లోనూ పాత నూలుగుడ్డతో అద్ది (రుద్దకూడదు), డాక్టరుగారు రాసిన ఫంగస్ మందు రాస్తున్నాము. పడుకునేటప్పుడు పరుపు కింద కాళ్ల వైపు ఇటుక పెడతాము. జ్వరం పూర్తిగా పోయిందని చెప్పను. నాలుగు సార్లు వచ్చేది పోయిన ఏడాది ఒక్కసారే వచ్చింది.

సమాధానం 3 – ప్రభుత్వ వైద్యుడిని, నెల్లూరు జిల్లా

పై రెండు సమాధానాలూ సరైనవే. జ్వరం ఉన్న రోజుల్లో ఫైలేరియా మాత్రలు వేయకూడదు. యాంటీబయాటిక్ ఎనిమిది రోజులైనా వాడాలి. ఇంజెక్షన్ విషయానికొస్తే, 2013లో ప్రచురితమైన బ్రిటన్, ఐర్లండ్ పరిశోధనలో, కాలికి ఇలాంటి ఇన్ఫెక్షన్ పదేపదే వచ్చే 274 మందిలో కొందరికి పెన్సిలిన్ మాత్రలు రోజుకు రెండు చొప్పున ఏడాదిపాటు, మిగిలినవారికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. మందు తిన్నవారిలో 22 శాతం మందికి, తిననివారిలో 37 శాతం మందికి ఆ ఏడాదిలో మళ్లీ వచ్చింది. మందు ఆపాక ఆ తేడా చెరిగిపోయింది. వారు బోదకాలు రోగులు కారన్నది గుర్తుంచుకోవాలి. అందువల్ల నేనైతే ముందు ఆరు నెలలు కాలు కడిగే పద్ధతి గట్టిగా పాటించి, అప్పటికీ తగ్గకపోతే ఇంజెక్షన్ మొదలుపెడతాను. పెన్సిలిన్ పడనివారు ఉంటారు గనుక దాన్ని ఆసుపత్రిలోనే చేయించుకోవాలి. షుగరు ఉందేమో కూడా చూపించండి.

ఒక్క హెచ్చరిక: ఎరుపు కన్నా నొప్పి చాలా ఎక్కువగా ఉన్నా, చర్మం నీలంగా మారి బొబ్బలు లేచినా, మాట తడబడి మత్తుగా ఉన్నా తెల్లవారేదాకా ఆగకండి. అది కండరాల పైపొరను కుళ్లబెట్టే రకం కావచ్చు, దానికి మాత్రలు చాలవు, వెంటనే ఆపరేషన్ కావాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి టార్చిలైటు వేసి అమ్మ కాలి వేళ్లు విడదీసి చూశాను. మూడు సందుల్లో తెల్లగా నాని ఉంది, ఒకదానిలో చీలిక కూడా ఉంది. ఎడగారు (రెండో పంట) నాట్లకు ఈసారి మడిలో దిగవద్దని చెప్తే ఇంకా ఒప్పుకోలేదు.