"అంతర్రాష్ట్ర వాణిజ్యం"లో ఆ "అంతర్" లోపలా, నడుమా?

డాలస్ తమ్ముడు: పెద్దలకు నమస్కారం. మా అమ్మాయికి అమెరికా రాజ్యాంగం తెలుగులో చెబుతుంటే ఒక వాక్యం సగమే గుర్తొచ్చి ఆగిపోయింది. 1824లో గిబ్బన్స్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ రాసింది: కామర్స్ అంటే క్రయవిక్రయాలే, కానీ అంతకు మించింది కూడా, అది "ఇంటర్‌కోర్స్" అని. ఇంటర్‌కోర్స్ అంటే ఇక్కడ పరస్పర రాకపోకలు, సంబంధాలు. ఇంత వెడల్పున్న కామర్స్‌ను తెలుగులో ఏమనాలి? 1995 లోపెజ్ కేసుకు మూలం ఇలాంటి ప్రశ్నే. శాన్ ఆంటోనియోలో పన్నెండో తరగతి కుర్రాడు .38 పిస్తోలు, ఐదు తూటాలతో బడికొచ్చాడు. బడి చుట్టూ వెయ్యి అడుగుల్లో తుపాకి ఉంచుకుంటే ఫెడరల్ నేరమని 1990లో చట్టం చేశారు, దానికి ప్రభుత్వం కోర్టులో చూపిన ఆధారం కామర్స్ క్లాజే, అంటే అంతర్రాష్ట్ర వాణిజ్యం మీద కాంగ్రెస్‌కు అధికారమిచ్చే రాజ్యాంగ వాక్యమే. కోర్టు 5-4తో కొట్టేసింది. జేబులో పిస్తోలు ఉండటం వాణిజ్యం ఎలా అవుతుంది?

తెనాలి మాస్టారు: "వ్యవహారం" అనండి బాబూ. వర్తకానికీ, నడవడికీ, కోర్టు దావాకీ అదే మాట. మన బేహారి పుట్టింది దాన్నుంచే.

నల్లగొండ వకీలు: మాస్టారూ, ఆ వెడల్పే ప్రమాదం. వ్యవహారంలో పట్టనిదేముంది, ఇక రాష్ట్రాలకు ఏం మిగులుతుంది? 1942లో తీర్పొచ్చిన ఒక కేసు చూడండి. ఒహాయో రైతు ఒకాయన ప్రభుత్వం ఇచ్చిన కోటా 11.1 ఎకరాలైతే 23 ఎకరాల్లో గోధుమ వేశాడు. అదనంగా పండింది తన ఇంట్లో వాడుకోవడానికే అన్నా, అందరూ అలా చేస్తే మార్కెట్ ధర మీద పడుతుందని కోర్టు ఆయన మీద జరిమానాను సమర్థించింది. లోపెజ్‌లో జడ్జి థామస్ విడిగా రాస్తూ పాత డిక్షనరీలు తీసి, ఆ రోజుల్లో కామర్స్ అంటే కొనడం, అమ్మడం, మార్చుకోవడం, అందుకోసం సరుకు తరలించడం అని తేల్చాడు. అది మన "వర్తకం". నా ఓటు దానికే.

తెనాలి మాస్టారు: అది సరే, ముందు "అంతర్రాష్ట్ర" సంగతి చూడండి. ర-కారం మీద ర-కారం వస్తే మొదటిది లోపించి ముందు అచ్చు దీర్ఘమవుతుంది. నిర్ + రసం నీరసం కాలేదూ? అలాగే "అంతారాష్ట్ర" అవ్వాలి.

విశాఖ అక్క: ఆ రూపం ఎవరి నోటా వినలేదు మాస్టారూ. నా బాధ అర్థంతో. అంతఃపురం, అంతర్గతం అంటే లోపల. అంతర్జాతీయం అంటే నడుమ. పూర్తిగా ఒక రాష్ట్రం లోపలే సాగే వాణిజ్యం ఆ రాష్ట్రానిదేనని మార్షల్ స్పష్టంగా రాశాడు, మన మాటలో సరిగ్గా అదే వినిపిస్తోంది!

డాలస్ తమ్ముడు: అయితే "రాష్ట్రాల నడుమ" అందామా అక్కా?

విశాఖ అక్క: అదీ కుదరదు తమ్ముడూ. అసలులో ఉన్నది "అమంగ్". దానికి మార్షలే అర్థం చెప్పాడు, కలగలిసి ఉండటం అని. ఆ వాణిజ్యం సరిహద్దు గీత దగ్గర ఆగదు, రాష్ట్రం లోపలికీ వస్తుంది అన్నాడు. "నడుమ" అంటే గీత దగ్గరే నిలబెట్టేస్తాం.

తెనాలి మాస్టారు: శ్రీనాథుడు హరవిలాసం అవచి తిప్పయ్య సెట్టికి అంకితమిచ్చాడు కదా. అందులో ఆ సెట్ల ఓడబేరం మీద సీసం గుర్తు చేసుకోండి. సింహళం నుంచి ఏనుగులు, హురుమంజి (హోర్ముజ్) నుంచి గుర్రాలు, ఎక్కడ చూసినా "తెచ్చి", "తెచ్చి". ఆ క్రియలోనే సముద్రం కదులుతుంది! చదివినప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది నాకు.

నల్లగొండ వకీలు: మాస్టారూ, ఆ "తెచ్చి" నా వైపే! 1996లో కాంగ్రెస్ ఆ తుపాకి చట్టాన్ని సవరించి, ఆ తుపాకి రాష్ట్రాల మధ్య వాణిజ్యంలో కదిలి వచ్చిందో, ఆ వాణిజ్యం మీద ప్రభావం చూపుతోందో ఉండాలని చేర్చింది. మన దేశంలో ఈ పేచీ లేదు, క్రిమినల్ చట్టం కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టం చేయగల ఉమ్మడి జాబితాలో మొదటి అంశం. పైగా మన రాజ్యాంగం 301వ అధికరణం ట్రేడ్, కామర్స్, ఇంటర్‌కోర్స్ అని మూడూ విడివిడిగా రాసింది.

విశాఖ అక్క: విడిగా రాశారంటే ఇంటర్‌కోర్స్ కామర్స్‌లో లేదనా, లేక ఉందో లేదో అనే అనుమానమే రాకూడదనా?

తెనాలి మాస్టారు: "వ్యవహారం" అని ఒక్క మాట రాసుంటే మూడూ అందులోనే ఉండేవి.

డాలస్ తమ్ముడు: రేపటి పాఠానికి "రాష్ట్రాల్లో కలగలిసి నడిచే వర్తకం" అని రాసుకున్నాను. "వర్తకం" కింద మాత్రం పెన్సిల్‌తో గీత పెట్టి ఉంచాను.