ఆదివారాలు, సెలవుల్లో స్కూల్ జోన్ స్పీడ్ లిమిట్ వర్తిస్తుందా? (బెంగళూరు)

వర్తూరు_వాసి:
అందరికీ నమస్తే. మేం వర్తూరు వైపు ఉంటాం. ఆఫీసు దారిలో ఒక స్కూల్ ఉంది, దాని ముందర ఎర్ర గుండ్రంలో 30 అని బోర్డు, పక్కనే కన్నడలో "శాలా వలయ, నిధానవాగి చలిసి" (స్కూల్ జోన్, మెల్లగా పోండి) అని ఇంకో బోర్డు. మామూలు రోజుల్లో అయితే బస్సులు, స్కూటీల మీద పిల్లల్ని దింపేవాళ్లతో అక్కడ 15 కూడా దాటలేం. పోయిన ఆదివారం పొద్దున ఆరున్నరకి అమ్మానాన్నల్ని ట్రైన్ ఎక్కించడానికి కేఆర్ పురం స్టేషన్‌కి తీసుకెళ్తున్నా, రోడ్డు ఖాళీగా ఉంది కదా అని 45లో పోతుంటే నాన్న "బోర్డు కనపడలేదా" అన్నారు, "ఈరోజు స్కూల్ లేదు కదా నాన్నా" అన్నా, అనీ అనకముందే గేట్లోంచి ఎన్‌సీసీ డ్రెస్‌లో నలుగురు పిల్లలు సైకిళ్లేసుకుని రోడ్డు మీదకి వచ్చేశారు. బ్రేక్ పడింది, ఎవరికీ ఏం కాలేదు. కానీ స్టేషన్ చేరేదాకా గుండె దడ తగ్గలేదండీ. అసలు రూల్ ఏంటి? ఆదివారం, దసరా సెలవులు, ఎండాకాలం సెలవుల్లో కూడా ఆ 30 ఉంటుందా? చలానా వేస్తారా?

డాలస్_నుంచి_హూడి:
నాకూ ఇదే డౌట్ ఉండేది. టెక్సస్‌లో ఉన్నప్పుడు స్కూల్ జోన్ అంటే పసుపు లైట్లు కొట్టుకుంటున్నప్పుడో, బోర్డు మీద రాసిన టైంలోనో మాత్రమే, మిగతా టైంలో మామూలు స్పీడే. ఆ అలవాటుతోనే ఇక్కడా సెలవు రోజు పట్టించుకునేవాణ్ని కాదు. సిడ్నీలో మా చెల్లెలు చెప్పింది, వాళ్లకి స్కూల్ రోజుల్లో 8 నుంచి 9:30, మళ్లీ 2:30 నుంచి 4 దాకా 40 అంట. పిల్లలు రాకుండా టీచర్లు మాత్రమే వచ్చే రోజు కూడా అక్కడ స్కూల్ రోజు కిందే లెక్క, ఆ రోజు స్పీడ్‌గా పోయినా ఫైన్ పడుతుంది.

పాత_లాయర్:
ఆ దేశాల రూల్స్ ఇక్కడికి తేకండి బాబూ. మన దగ్గర మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 112 ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం గానీ, అది అధికారం ఇచ్చినవాళ్లు గానీ గెజిట్‌లో నోటిఫై చేసి, రోడ్డు మీద బోర్డు పెట్టి లిమిట్ పెడతారు. ఆ సెక్షన్‌లో స్కూల్ సెలవులకని వేరే మినహాయింపు ఏమీ లేదు. కాబట్టి చూడాల్సింది బోర్డునే, క్యాలెండర్ని కాదు. ఎర్ర త్రికోణంలో పిల్లల బొమ్మ ఉంటే అది హెచ్చరిక, ఎర్ర గుండ్రంలో నంబర్ ఉంటే అది ఆర్డర్. ఆ గుండ్రం కింద చిన్న పలక ఉందేమో చూడండి, దాని మీద టైం గానీ రోజులు గానీ రాసుంటే అంతవరకే వర్తిస్తుంది. పలక లేదంటే ఆదివారమైనా అర్ధరాత్రైనా 30 అంటే 30.
ఫైన్ సంగతి సెక్షన్ 183లో ఉంది, చట్టంలో కారుకి 1000 నుంచి 2000 దాకా. ఒకే ఒక్క సాక్షి "స్పీడ్‌గా వచ్చాడనిపించింది" అంటే మాత్రం శిక్ష పడదు, ఆ మాటకి మెషీన్ రీడింగ్ ఆధారం ఉండాలి. ఖాళీ రోడ్డులో కెమెరా లేదు కాబట్టి తప్పించుకోవచ్చు అనుకుంటారు చాలామంది, కానీ అక్కడ ఎవరికైనా తగిలితే కేసు 183తో ఆగదు, 184 డేంజరస్ డ్రైవింగ్ ఉంది, భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 281 ఉంది, అప్పుడు "స్కూల్ సెలవు సార్" అన్న మాట మిమ్మల్ని కాపాడదు.
ఇంకో లెక్క చెప్తా. 45లో సెకనుకి పన్నెండున్నర మీటర్లు పోతారు, 30లో ఎనిమిది చిల్లర. బ్రేక్ మీద కాలు పడేలోపే ఒక సెకను పోతుంది, ఆ తర్వాత బండి ఆగడానికి పట్టే దూరం 30తో పోలిస్తే రెండింతలకి పైనే. ఆ పిల్లలు ఇంకో పది అడుగులు ముందుకొచ్చి ఉంటే ఏమయ్యేదో మీరే ఆలోచించండి.

సర్కారీ_బడి_టీచరమ్మ:
బెంగళూరులో పన్నెండేళ్లుగా బళ్లో పనిచేస్తున్నా. సెలవు రోజు బడి ఖాళీగా ఉంటుందన్నది బయటివాళ్ల మాటండీ. దసరా సెలవుల్లో టెన్త్ పిల్లలకి స్పెషల్ క్లాసులు పెడతాం. నీట్ 2024లో మే 5న, 2025లో మే 4న జరిగింది, రెండూ ఆదివారాలే, పైగా ఎండాకాలం సెలవులు, ఆ పరీక్షా ఎక్కువగా బళ్లలోనే పెడతారు. ఓట్ల రోజు ముసలివాళ్లందరూ బడికే వస్తారు. ఒకే రోడ్డులో మా స్టేట్ సిలబస్ బడికి సెలవైతే ఎదురుగా సీబీఎస్ఈ బడి నడుస్తూ ఉంటుంది, దారిన పోయే కారువాళ్లకి ఇదంతా ఎట్లా తెలుస్తుంది? ఇంకొకటి, స్కూల్ టైంలో అయితే గేటు దగ్గర ఆయా ఉంటుంది, విజిల్ వేసి బళ్లు ఆపేవాళ్లుంటారు. సెలవు రోజు ఎవరూ ఉండరు. బంతి గోడ దాటిందంటే దాని వెనకాలే పిల్లాడు దూకుతాడు. నాకు అసలు భయం ఆదివారాలే.

వేళచ్చేరి_వెంకట్:
చెన్నైలో 2023 నవంబర్ నుంచి నివాస ప్రాంతాల్లో అన్ని బండ్లకీ 30 పెట్టారు. కాబట్టి మా వీధి లోపలి స్కూల్ ముందు ఇవాళ సెలవా కాదా అన్న ప్రశ్నే రాదు.

వర్తూరు_వాసి:
అందరికీ థాంక్స్. నిన్న సాయంత్రం బండి పక్కన ఆపి మరీ చూసొచ్చా. కింద పలక లేదు, అంటే లాయర్ గారు చెప్పినట్టు రోజంతా 30నే. కానీ బోర్డు సగం కానుగ కొమ్మల వెనక ఉంది, అటు నుంచి వచ్చేవాళ్లకి 3 మాత్రం కనపడుతుంది, సున్నా కనపడదు. ఫొటోలు తీసి ట్రాఫిక్ పోలీసుల యాప్‌లో కంప్లైంట్ పెట్టా. టీచరమ్మ గారూ, ఆదివారాలు ఎన్‌సీసీ ఎన్నింటికి అవుతుందో ఆ స్కూల్ వాళ్లని అడిగి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెడదామనుకుంటున్నా, పొద్దున ఆ దారిన పోయేవాళ్లు మా దగ్గరే ముప్పై మంది ఉన్నారు.