పాత రేడియో స్పూల్ టేపు: శ్రుతి ఎలా సరిచూడాలి?

విజయవాడ కేంద్రం 1960ల్లో ప్రసారం చేసిన లలిత గీతాలు, ఇంటి రికార్డర్‌లో ఎక్కించినవి. పావు అంగుళం టేపు, వేగం సెకనుకు 3¾ అంగుళాలు. తంబుర షడ్జం మొదట్లో 213 హెర్ట్జ్, చివర 218. కరెంటు హమ్ (సరఫరా నుంచి రికార్డింగులో చేరే గుంయ్ శబ్దం, 50 హెర్ట్జ్ ఉండాల్సింది) కూడా 51.4 నుంచి 52.6కి పెరుగుతోంది.

హెడ్లు తుడిచాను, పించ్ రోలర్ (టేపును నొక్కి నడిపే రబ్బరు చక్రం) మార్చాను, టెస్ట్ టేపుతో డెక్ వేగం సరిగ్గానే ఉంది. అంటే ఎక్కించేటప్పుడు ఆ ఇంటి రికార్డరే నెమ్మదిగా తిరిగింది. టేపు వదిలే చక్రం ఖాళీ అయ్యేకొద్దీ బిగువు పెరిగి ఇంకా మందగించింది.

హమ్‌ను 50కి దించితే షడ్జం 207, చక్కగా అయిదున్నర శ్రుతి. కానీ అప్పటి కరెంటు 50 దగ్గర నిలిచేది కాదు. 49 అయితే షడ్జం 203కి జారి, గొంతు బరువెక్కుతుంది. ఆ గాయని గొంతు అసలు తీరులోనే వినపడాలి.

హమ్ కాకుండా, అసలు వేగం తేల్చే నమ్మకమైన ఆధారం ఆ రికార్డింగులోనే ఇంకేముంటుంది?