సోర్స్ నుంచి వేసుకున్న ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌ని ఇప్పుడెలా తీయాలి?

కొత్తచేయి:
డెబియన్ 12 (లినక్స్)లో ఉండగా ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ (వీడియో, ఆడియో ఫైళ్ళు మార్చే టూల్) 6.0ని నేనే సోర్స్ నుంచి కంపైల్ చేసి వేసుకున్నాను. డెబియన్ ఇచ్చేది 5.1, పైగా అందులో ఎఫ్‌డీకే ఏఏసీ అనే ఆడియో ఎన్‌కోడర్ ఉండదు. మొన్న డెబియన్ 13కి మారి అక్కర్లేని ప్యాకేజీలు తీసేసే ఆటోరిమూవ్ కొట్టాక అది పనిచేయడం మానేసింది. లిబ్‌ఎక్స్265 అనే వీడియో లైబ్రరీ కనబడటం లేదంటోంది. ఆప్ట్‌తో (డెబియన్ ప్యాకేజీలు వేసే కమాండ్) డెబియన్ వాళ్ళ ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ ప్యాకేజీ వేసినా అదే ఎర్రర్. సోర్స్ ఫోల్డర్ ఎప్పుడో డిలీట్ చేసేశాను, ఏ ఆప్షన్లు ఇచ్చానో కూడా గుర్తులేదు. సిస్టమ్ మొత్తం మళ్ళీ వేసుకోవాలా?

రాత్రిషిఫ్ట్:
అక్కర్లేదండీ. "టైప్ -ఏ ఎఫ్ఎఫ్‌ఎంపెగ్" కొట్టండి, రెండు కనిపిస్తాయి. పాత్‌లో (కమాండ్ల కోసం వెతికే ఫోల్డర్ల వరుస) మీరు కట్టింది ఉన్న యూఎస్ఆర్ లోకల్ బిన్ ముందుంటుంది కాబట్టి ఎప్పుడు పిలిచినా మీ పాతదే పలుకుతోంది.

పాతటెర్మినల్:
ఆప్షన్లు పోలేదు, ఆ బైనరీలోనే ఉన్నాయి. అది రన్ కాకపోయినా ఫర్వాలేదు: దాని మీద "స్ట్రింగ్స్" (ఫైల్‌లోని అక్షరాలు బయటికి తీసే కమాండ్) నడిపి, "ఎనేబుల్" అన్న మాట కోసం గ్రెప్‌తో వెతకండి. మీరిచ్చిన కాన్ఫిగర్ లైన్ మొత్తం బయటికొస్తుంది. అదే 6.0 సోర్స్ మళ్ళీ దింపి, అదే లైన్‌తో కాన్ఫిగర్ చేసి, "సుడో మేక్ అన్‌ఇన్‌స్టాల్" కొట్టండి. డెవ్ ప్యాకేజీలు (కంపైల్‌కి కావలసిన లైబ్రరీ ఫైళ్ళు) లేకపోతే కాన్ఫిగర్ దగ్గరే ఆగిపోతుంది, ముందు అవి చూసుకోండి.

మీరు కంపైల్ చేయడం తప్పనను. ఎఫ్‌డీకే లైసెన్స్ ఎక్స్265 లాంటివాటి జీపీఎల్ లైసెన్స్‌తో కుదరదు. రెండూ కలిపి కట్టిన బైనరీని పంచిపెట్టకూడదు, అందుకే అది ప్యాకేజీగా రాదు. నాకైతే అంత మంచి సాకు కూడా లేదు. సీపీయూకి తగ్గట్టు కంపైల్ చేస్తే వేగం వస్తుందని ఎవరో అంటే, నా వెబ్ సర్వర్‌కి ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 1.0.1ఈని నేనే కట్టాను. (అందులోని అసెంబ్లీ కోడ్ సీపీయూని చూసి రన్ అయ్యేటప్పుడే దారి ఎంచుకుంటుందని తర్వాత తెలిసింది.) 2014 ఏప్రిల్ 7న అందులోని హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడింది. ఆప్ట్ అప్‌గ్రేడ్ చేసి, సర్వర్ రీస్టార్ట్ చేసి హాయిగా పడుకున్నాను. వెర్షన్ ఇంకా 1.0.1ఈ అనే చూపించినా అనుమానం రాలేదు, ఎందుకంటే డెబియన్ నంబర్ మార్చకుండా ప్యాచ్ మాత్రమే కలిపింది. మూడు రోజుల తర్వాత ఎందుకో ఎల్‌డీడీ (ప్రోగ్రామ్ ఏ లైబ్రరీలు వాడుతోందో చూపే కమాండ్) కొడితే, సర్వర్ వాడుతున్నది నా లోకల్ కాపీ! ప్రైవేట్ కీలు, సర్టిఫికెట్లు అన్నీ మార్చాల్సి వచ్చింది. మీరు కట్టిన దానికి సెక్యూరిటీ టీమ్ కూడా మీరే.

ఈసారి ప్రిఫిక్స్‌ని (ఎక్కడ వేయాలో చెప్పే ఆప్షన్) ఆప్ట్ కాదు, /ఓపీటీ/ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ అని ఇవ్వండి (రెండూ ఒకేలా వినబడతాయి, ఖర్మ). వద్దనుకున్న రోజు ఆ ఒక్క ఫోల్డర్ తీసేస్తే చాలు.

రాత్రిషిఫ్ట్:
యూఎస్ఆర్ లోకల్‌లోనే కావాలంటే జీఎన్‌యూ స్టో అనే టూల్ కూడా ఉంది. సిమ్‌లింకులు అదే పెడుతుంది, అదే తీస్తుంది.

కొత్తచేయి:
స్ట్రింగ్స్‌లో లైన్ దొరికింది, పాతది పోయింది. కాకపోతే "హాష్ -ఆర్" కొట్టేదాకా బాష్ (కమాండ్లు తీసుకునే షెల్) ఆ పాత చోటే వెతికింది, మళ్ళీ కాసేపు టెన్షన్. ఇప్పుడు డెబియన్ ఇచ్చే 7.1 వస్తోంది. ఎఫ్‌డీకేని ఓపీటీలో ఆదివారం కడతాను.