రిపోర్టులో బీఓడీ 8, కాలువలో నల్ల మడ్డి: ఎస్టీపీ నడుస్తున్నట్టేనా?

ఏఈ_ఓరుగల్లు: మాది వరంగల్ పక్కన చిన్న మున్సిపాలిటీ. చెరువు కట్ట కింద మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు (ఎస్టీపీ) ఉంది, 1 ఎంఎల్‌డీ, అంటే రోజుకు 10 లక్షల లీటర్లు. ఒకే ట్యాంకులో (బేసిన్) గాలి పెట్టి, ఆపి మడ్డి తేర్చే ఎస్‌బీఆర్ రకం, నడిపేది ఏజెన్సీ. ఏ నెల రిపోర్టు చూసినా బీఓడీ (మురికిని తినడానికి బ్యాక్టీరియా వాడే ఆక్సిజన్) లీటరుకు 8 మిల్లీగ్రాములు, టీఎస్ఎస్ (నీళ్లలో కరగకుండా తేలాడే మురికి) 12. కానీ ప్లాంటు నీళ్లు కలిసే కాలువలో నల్ల మడ్డి, పొద్దున పూట ముక్కు మూసుకోవాలి. బిల్లు మీద సంతకం పెట్టే ముందు నేను ఏం చూడాలి? ఆఫీసులో ల్యాబ్ లేదు. నేను సివిల్, ఈ బ్యాక్టీరియా సంగతి నాకు అంతంతే.

పాత_ఆపరేటర్_కాజీపేట: తమ్మీ, రిపోర్టు పక్కకు పెట్టు. ముందుగాల స్లడ్జ్ (బ్యాక్టీరియా పెరిగి తయారయ్యే మడ్డి) ఎటు పోతుందో అడుగు. వచ్చే మురుగుల బీఓడీ 200 అనుకో, 1 ఎంఎల్‌డీకి రోజుకు 200 కిలోలు. అంత తిన్న బ్యాక్టీరియా పెరగకుంట ఉంటదా? నూరు కిలోలకు తక్కువ కాకుండ ఎండు స్లడ్జ్ రావాలె. సెంట్రిఫ్యూజ్ (మడ్డిల నీళ్లు పిండే మిషిను) నుంచి వచ్చే ముద్దల నీళ్లే ఎక్కువ, తడిగ తూకమేస్తే అర టన్ను దాంక ఉంటది. వారానికో ట్రాక్టరన్న నిండాలె. ట్రాక్టరే కదలలేదంటే అదంత నువ్వు చెప్పే కాలువలనే ఉంది. అయితే నిజంగ 1 ఎంఎల్‌డీ వస్తేనే ఈ లెక్క, ఫ్లో మీటరు చూసుకో. మన ఊర్లల్ల చానా ఇండ్లకు ఇంక సెప్టిక్ ట్యాంకులే.

తర్వాత కరెంటు మీటరు. 15 కిలోవాట్లు గుంజే బ్లోయరు (ట్యాంకుల గాలి కొట్టే మిషిను) 12 గంటలు తిరిగితే 180 యూనిట్లు. లాగ్‌బుక్‌ల 12 గంటలు రాసి, మీటరు 70 యూనిట్లే తిరిగిందంటే రాత్రి బ్లోయరు పండుకున్నట్టే.

ఇగ అసలు పని. చెప్పకుండ పో. గాలి ఆపే ముందు బేసిన్ల నుంచి లీటరు సిలిండర్ నింపి, అరగంట కదపకుండ నీడకు పెట్టు. 250, 300 గీత కాడ చాక్లెట్ రంగు మడ్డి కూసోని పైన నీళ్లు తేటగుంటే ప్లాంటు పానంతోనే ఉంది. 50 కాడ్నే ఉంటే లోపల బ్యాక్టీరియానే లేదు. 800 నుంచి కిందికి దిగకపోతే డీకాంట్ (పైన తేట నీళ్లు బయటికి వదిలేది) అప్పుడు నీళ్లెంబడే స్లడ్జ్ కూడ ఎల్లిపోతది.

ల్యాబ్_కరీంనగర్: శాంపిల్ క్లోరిన్ కలిపాక తీస్తున్నారేమో కనుక్కోండి సార్. మన పద్ధతిలో బీఓడీ పరీక్ష 27 డిగ్రీల దగ్గర 3 రోజులు. క్లోరిన్‌ను థయోసల్ఫేట్‌తో విరిచి, సీడ్ (బతికున్న బ్యాక్టీరియా) కలపకపోతే సీసాలో తినే బ్యాక్టీరియానే మిగలదు, ఎంత మురికి నీళ్లయినా బీఓడీ తక్కువే వస్తుంది. అదే శాంపిల్‌కు సీఓడీ కూడా చేయించండి, అది బ్యాక్టీరియాతో కాక రసాయనంతో మురికిని కొలిచే పరీక్ష. బీఓడీ 8 పక్కన సీఓడీ 150 కనిపిస్తే నేనైతే నమ్మను.

ఏఈ_ఓరుగల్లు: సీఓడీ కాలమ్ ఖాళీగానే ఉంటోంది మేడం! అసలు బీఓడీ పరిమితి 10 అని ఒకరు, 30 అని ఒకరు అంటున్నారు.

ల్యాబ్_కరీంనగర్: 30 అనేది 2017 కేంద్ర నోటిఫికేషన్‌లో మెట్రోలు కాని ఊళ్లకు. 10 అనేది 2019 ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) ఆదేశంలోది. మీ ప్లాంటుకు కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన కన్సెంట్‌లో (అనుమతి పత్రంలో), ఏజెన్సీ అగ్రిమెంట్‌లో ఏది రాశారో చూడండి.

పాత_ఆపరేటర్_కాజీపేట: ఒక్క సీసాతోని తేల్చకు. పొద్దున స్నానాల టైము నుంచి గంటగంటకు పట్టి కలుపు, ఐసు డబ్బాల పెట్టి అదే రోజు ల్యాబ్‌కు పంపు. వాన పడ్డ రోజు మాత్రం వద్దు, నాలా నీళ్లు కలిసి అన్నీ పల్చగ కనిపిస్తయి.