మెత్తటి మొలాసిస్ కుకీలు ఓటీజీలో (ఇంట్లో వాడే చిన్న కరెంట్ ఓవెన్) ఎలా చేయాలి? రెండుసార్లు పాడైపోయాయి, వైజాగ్ వాళ్ళు కాస్త చెప్పండి

ఎంవీపీ_మేనత్త:
అందరికీ నమస్తే అండి. మా అన్నయ్య వాళ్ళు ఒహాయోలో చాలా ఏళ్ళు ఉండి మొన్న జూన్‌లో పూర్తిగా ఇక్కడికి వచ్చేశారు. మా మేనకోడలికి తొమ్మిదేళ్ళు, పుట్టింది పెరిగింది అంతా అక్కడే, స్కూల్‌కి ఇప్పుడిప్పుడే అలవాటు పడుతోంది గానీ ఇంట్లో చాలా డల్‌గా ఉంటుంది. అక్కడ వాళ్ళ పక్కింటి పెద్దావిడ డిసెంబర్ వచ్చిందంటే శొంఠి, దాల్చిన చెక్క, లవంగం వేసి నల్లటి కుకీలు చేసి డబ్బా నిండా ఇచ్చేవారట, పైన పగుళ్ళు, పంచదార అద్ది ఉంటుంది, లోపల మెత్తగా ఉంటుంది అని చేతులు తిప్పుతూ చెబుతుంది. ఇక్కడ ద్వారకానగర్, సిరిపురం వైపు బేకరీలన్నీ తిప్పాను, ఏది చూపించినా "ఇది కాదత్తా" అంటుంది. అన్నీ కరకరలాడేవే.

సరే ఇంట్లోనే చేద్దామని మొదలుపెట్టా. మొదటిసారి అనకాపల్లి బెల్లం తురిమి నెయ్యితో కలిపి చేశాను, రుచి బానే ఉంది కానీ చల్లారేసరికి రాయిలా అయిపోయాయి. రెండోసారి బెల్లం పాకం పట్టి బటర్‌తో చేస్తే ట్రేలో అన్నీ కలిసిపోయి ఒకే అట్టులా పరుచుకున్నాయి, అంచులు మాడాయి మధ్యలో సాగుతోంది, మర్నాటికి డబ్బాలో ఒకదానికొకటి అంటుకుపోయాయి. పిల్ల ఏమీ అనలేదు, తినేసింది, అదే నాకు ఎక్కువ బాధగా ఉంది.

అసలు మొలాసిస్ అంటే చెరుకు మడ్డి అంటారు కదా, చోడవరం షుగర్ ఫ్యాక్టరీ వైపు తెలిసినవాళ్ళున్నారు, అక్కడ అడగొచ్చా? లేకపోతే మన బెల్లంతోనే అయ్యే పనేనా? మెత్తదనం ఎక్కడ నుంచి వస్తుందో అదొక్కటి అర్థమైతే మిగతాది నేను చూసుకుంటా.

గాజువాక_ఓవెన్:
అండి ముందు ఫ్యాక్టరీ మొలాసిస్ ఆలోచన మానేయండి. అది డిస్టిలరీలకి, పశువుల దాణాకి ట్యాంకర్లలో వెళ్ళే సరుకు, తిండికి పనికొచ్చేలా శుభ్రం చేసింది కాదు, దాని మీద ఎక్సైజ్ వాళ్ళ కంట్రోల్ కూడా ఉంటుంది. వంటకి వాడే మొలాసిస్ వేరే, సీసాల్లో వస్తుంది.

ఇప్పుడు మెత్తదనం సంగతి. ఓవెన్‌లోంచి తీసినప్పుడు కుకీ ఇంకా ఉడకలేదేమో అనిపించాలి, అక్కడే అందరం తప్పు చేస్తాం. నేను మూడేళ్ళుగా ఆర్డర్ల మీద చేస్తున్నాను కాబట్టి చెబుతున్నా, 180 డిగ్రీల దగ్గర పదో నిమిషంలో ఓటీజీ అద్దంలోంచి చూస్తే అంచులు ఆరినట్టు ఉంటాయి, పైన పగుళ్ళు వచ్చి ఉంటాయి, ఆ పగుళ్ళ లోపల మాత్రం తడిగా మెరుస్తూ ఉంటుంది. ఆ మెరుపు ఉండగానే తీసేయాలి. ఇంకో రెండు నిమిషాలు ఉంచితే బాగా కాలుతుంది అనుకుంటే అయిపోయినట్టే, చల్లారాక బిస్కెట్ అవుతుంది. తీశాక ట్రే మీదే ఐదారు నిమిషాలు వదిలేయండి, ట్రే వేడికి మధ్యలో కూడా సెట్ అయిపోతుంది. ఉడికిందో లేదో అని అప్పుడే వేలితో నొక్కి చూడకండి, కుంగిపోతుంది.

రెండోది, తడి ఉన్న తీపి. పంచదార ఒట్టిగా వేస్తే కుకీ కరకరలాడుతుంది. పాకం, తేనె, మొలాసిస్ లాంటివి గాలిలో తేమని పట్టి ఉంచుతాయి, అందుకే రోజుల తరబడి మెత్తగా ఉంటాయి. మీ మొదటిసారి గట్టిగా రావడానికి నెయ్యి కూడా కారణమే. బటర్‌లో నూటికి 16 పాళ్ళ దాకా నీళ్ళుంటాయి, నెయ్యిలో ఉండవు, నెయ్యితో చేస్తే నాన్‌ఖటాయి వైపు వెళ్ళిపోతుంది.

రెండోసారి పరుచుకుపోవడం ఎక్కువగా మన ఊరి ఉక్క వల్ల. పిండి కలిపి వెంటనే ట్రేలో పెట్టారు కదా? ఇక్కడ కిచెన్‌లో బటర్ పది నిమిషాల్లో నూనె అయిపోతుంది. కలిపిన పిండి ఫ్రిజ్‌లో కనీసం రెండు గంటలు పెట్టండి, రాత్రంతా ఉంటే ఇంకా మంచిది, మసాలా కూడా పడుతుంది. ట్రేలో ఒకసారికి ఎనిమిదే పెట్టండి, మిగతా ఉండలు మళ్ళీ ఫ్రిజ్‌లోకే. వేడి ట్రే మీద రెండో వాయి అస్సలు పెట్టొద్దు, కుళాయి కింద చల్లబరిచి తుడిచి పెట్టండి.

మునగపాక_గానుగ:
మాది మునగపాక అండి, మా తాతల నాటి నుంచి చెరుకు. బెల్లంతో అవుతుందా అని అడిగారు కాబట్టి చెబుతున్నా, అవుతుంది కానీ ఏ బెల్లం అన్నది చూసుకోవాలి. మార్కెట్‌లో పసుపుగా నిగనిగలాడేది తీసుకుంటే ఈ కుకీకి పనికిరాదు, ఆ రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం వేస్తారు. నల్లగా, కొంచెం ముద్దగా ఉండే దిమ్మ అడగండి. షాపువాడు ఇది బాలేదమ్మా అంటాడు, అదే కావాలని చెప్పండి.

ఇంకో సంగతి వంటలు చేసేవాళ్ళకి చాలామందికి తెలీదు. చెరుకు రసం పెనంలో కాగేటప్పుడు మురికి పైకి తేలడానికి సున్నం నీళ్ళు కొద్దిగా వేస్తాం. దాంతో రసంలో పులుపు గుణం తగ్గిపోతుంది. మొలాసిస్‌లో పులుపు ఉంటుంది, వంటసోడా దానితో కలిసే పొంగుతుంది. బెల్లం పాకంలో అంత పులుపు ఉండదు కాబట్టి అదే కొలత సోడా వేస్తే సగం సోడా అలాగే మిగిలిపోయి సబ్బు వాసన వస్తుంది, పొంగడం తక్కువ పరుచుకోవడం ఎక్కువ. అందుకని పాకంలో నిమ్మరసం పడాలి. పాకం కాగేటప్పుడే పిండితే ఫ్రిజ్‌లో పలుకు కట్టకుండా కూడా ఉంటుంది. మా అమ్మ అలాగే చేసేది, అప్పుడు కారణం తెలీదు.

జనవరి ఫిబ్రవరిలో వస్తే గానుగ దగ్గర గట్టిపడక ముందే తీసిన పాకం దొరుకుతుంది, సీసా పట్టుకుని రండి. ఇప్పుడైతే ఇంట్లో చేసుకోవడమే.

సీతమ్మధార_వంటిల్లు:
నేను కొంచెం వేరుగా చెబుతాను, ఏమీ అనుకోకండి. బెల్లంతో చేస్తే మంచి కుకీ వస్తుంది గానీ ఆ పాప అడిగే కుకీ రాదు. బెల్లంలో రసం మొత్తం ఉంటుంది, మొలాసిస్ అంటే రసంలోంచి పంచదార పలుకులు తీసేశాక మిగిలింది, అందుకే తీపి తక్కువ, వెనకాల ఒక చేదు, ఇంచుమించు కాఫీ డికాషన్ లాంటి ఘాటు ఉంటుంది. పిల్లలకి నాలుక మీద జ్ఞాపకం చాలా గట్టిగా ఉంటుంది, మా అబ్బాయికి సింగపూర్ నుంచి వచ్చాక ఇదే గొడవ, రెండేళ్ళు పట్టింది. ఒక్కసారైనా అసలు మొలాసిస్ ఆన్‌లైన్‌లో తెప్పించి చేయండి. సీసా మీద అన్‌సల్ఫర్డ్ (అంటే సల్ఫర్ డయాక్సైడ్ కలపనిది) అని ఉందో లేదో చూడండి, బ్లాక్‌స్ట్రాప్ మాత్రం తీసుకోకండి, అది మూడోసారి మరిగించాక మిగిలేది, చేదు మరీ ఎక్కువ. ధర ఎక్కువే, కాదనను, కానీ ఒక సీసాతో మూడు నాలుగుసార్లు చేసుకోవచ్చు.

ఒకవేళ బెల్లమే అనుకుంటే పాకంలో మూడో వంతు తాటి బెల్లం కలపండి. ఆ పొగ వాసన, నలుపు దానికే ఉంటాయి. చాలా దగ్గరకి వస్తుంది.

కంచరపాలెం_పిన్ని:
అమ్మా నాకు ఓవెన్ గురించి పెద్దగా తెలీదు, మా కోడలు చేస్తుంది నేను పక్కన ఉంటాను అంతే. కానీ పాకం గురించి చెప్తాను. అరిసెలకి పట్టినట్టు ఉండ పాకం దాకా వెళ్ళకు, అక్కడే నీ మొదటి వాయి లాంటి గట్టిదనం వచ్చేస్తుంది. పావు కిలో బెల్లానికి చిన్న టీ గ్లాసుడు నీళ్ళు పోసి కరిగించి, పల్చటి బట్టలో వడకట్టు, బెల్లంలో ఇసుక ఉంటుంది చూసుకో, అడుగున మిగిలిందాన్ని చూస్తే నువ్వే ఆశ్చర్యపోతావు. మళ్ళీ పొయ్యి మీద పెట్టి అర చెక్క నిమ్మకాయ పిండి సన్న సెగ మీద లేత తీగ పాకం దగ్గర దించేయి. చల్లారాక తేనెలా జారాలి. జారకపోతే రెండు చెంచాల వేడినీళ్ళు కలిపేయి, ఏం కాదు.

శొంఠి పొడి ప్యాకెట్‌ది వద్దు. పూర్ణా మార్కెట్‌లో శొంఠి కొమ్ములు తెచ్చుకో, ఒక పూట ఎండలో పెట్టి దంచి జల్లించు, పీచు పోవాలి. పిల్ల తినేది కదా, గొంతులో పీచు తగిలితే ఇంక ముట్టదు. లవంగం మరీ ఎక్కువ వేసేయకు, పంటి నొప్పి మందులా ఉంటుంది. మిరియం ఒక నాలుగు గింజలు వేసి చూడు, మా ఇంట్లో అరకు మిరియాలు వేస్తాం, వెనకాల చిన్న మంట వస్తుంది, బాగుంటుంది.

ఎంవీపీ_మేనత్త:
అందరికీ చాలా థాంక్స్ అండి, పిన్ని గారూ ఇసుక మాట నిజమే, ఇవాళే వడకట్టి చూశాను. గాజువాక అన్నగారూ కొలతలు కూడా చెబుతారా, పాకానికి తగ్గట్టు? గుడ్డు తింటాం, ఇబ్బంది లేదు. బ్రౌన్ షుగర్ తప్పనిసరా?

గాజువాక_ఓవెన్:
బ్రౌన్ షుగర్ అంటే పంచదారకి మొలాసిస్ పట్టించిందే, మీరు పాకం వేస్తున్నారు కాబట్టి మామూలు పంచదార చాలు. నేను చేసేది ఇది. మైదా 250 గ్రాములు, బటర్ 150, పంచదార 120, చల్లారిన పాకం 100 గ్రాములు, గుడ్డు ఒకటి. వంటసోడా ఒకటిన్నర టీ స్పూన్, బేకింగ్ పౌడర్ కాదు, డబ్బా మీద పేరు చూసుకోండి, చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. శొంఠి రెండు టీ స్పూన్లు, దాల్చిన చెక్క పొడి ఒకటి, లవంగం పావు, జాజికాయ రెండు గీతలు గీయండి చాలు. బటర్ సాల్టెడ్ అయితే ఉప్పు వద్దు.

బటర్ పంచదార కలిపేటప్పుడు కేక్‌కి కొట్టినట్టు తెల్లగా నురగ వచ్చేదాకా కొట్టకండి, గాలి ఎక్కువైతే పొంగి కూలిపోతుంది. కలిస్తే చాలు. తర్వాత గుడ్డు, పాకం, ఆఖరున మైదా సోడా మసాలాలు కలిపి జల్లించి వేసి, పొడి కనపడకుండా పోగానే ఆపేయండి. ఫ్రిజ్‌లోంచి తీశాక 30 గ్రాముల ఉండలు, ఉసిరికాయంత, పంచదారలో దొర్లించి పెట్టండి, అరచేత్తో నొక్కకండి. 20, 22 వస్తాయి. ఓటీజీ పావుగంట ముందు వేడి చేయాలి, రెండు రాడ్లూ ఆన్, ఫ్యాన్ ఉంటే ఆఫ్. నల్ల ట్రే అయితే కింద త్వరగా మాడుతుంది, బటర్ పేపర్ వేసి ఒక నిమిషం ముందే చూసుకోండి. ముందు ఒక్క ఉండ పెట్టి కాల్చి చూడండి, పరుచుకుంటే మిగతా పిండిలో రెండు చెంచాల మైదా కలపొచ్చు.

డబ్బాలో అంటుకోవడం అంటారా, పూర్తిగా చల్లారాకే పెట్టాలి, కనీసం గంట. వరసకీ వరసకీ మధ్య బటర్ పేపర్. సముద్రం ఊరు కాబట్టి మూత బిగుతుగా లేకపోతే పైన అద్దిన పంచదార ఒక్క రాత్రిలో చెమట పట్టేస్తుంది. ఏసీ గదిలో ఉండి ఎండిపోతే డబ్బాలో ఒక బ్రెడ్ ముక్క వేయండి, మర్నాటికి మళ్ళీ మెత్తబడతాయి.

ఎంవీపీ_మేనత్త:
పది రోజుల తర్వాత రాస్తున్నాను. మూడో వంతు తాటి బెల్లం కలిపి పాకం పట్టాను, నిమ్మకాయ పిండాను, పిండి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాను. శనివారం పొద్దున్న మేనకోడలినే పిలిచి ఉండలు చేయమన్నాను, తూకం మిషన్ మీద ఒక్కొక్కటీ పెట్టి 30 వచ్చేదాకా గిల్లుతూ కూర్చుంది. మొదటి ఉండ కొంచెం పరుచుకుంది, చెప్పినట్టే రెండు చెంచాల మైదా కలిపాను. తర్వాత వాయిలో తొమ్మిదో నిమిషానికి పగుళ్ళు విచ్చుకోవడం మొదలైంది, ఇద్దరం ఓటీజీ ముందు కింద కూర్చుని చూశాం. పదిన్నర నిమిషాలకి తీశాను, భయమేసింది పచ్చిగా ఉన్నాయేమో అని, కానీ ట్రే మీద అలా ఉండగానే కుదురుకున్నాయి.

వేడిది ఒకటి విరిస్తే మధ్యలో ముదురు రంగులో, తడిగా, సాగకుండా విరిగింది. పిల్ల అది తిని కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఆవిడవి ఇంకా చేదుగా ఉంటాయి అత్తా, ఇవి కూడా బాగున్నాయి" అంది. సీతమ్మధార అక్కా, మీరు చెప్పింది అక్షరాలా నిజం, మొలాసిస్ సీసా ఆర్డర్ పెట్టాను, డిసెంబర్‌లోపు వస్తుంది. ఇవి మాత్రం సోమవారం టిఫిన్ బాక్స్‌లో ఆరు పెట్టించుకుని వెళ్ళింది, కొత్త ఫ్రెండ్స్‌కి ఇవ్వాలట.